నాటి మాట : హెర్న్‌హూట్ దినవాక్యముల చరిత్ర

మతగ్రంథం ఎంత పెద్దదైనా, గృహస్థునికి ఒక పూటకు కావలసినది ఒక్క మాట. మన వైష్ణవ గృహములలో ధనుర్మాసమందు దినమునకొక పాశురం చొప్పున తిరుప్పావైని అనుసంధించుట అందరూ ఎరిగినదే. మహాగ్రంథాన్ని దినములకు పంచి, నాటి మాటను నాటి బ్రతుకుతో ముడివేయవలెనన్న కోరిక ఏ ఒక్క మతానికీ సొత్తు కాదు. క్రైస్తవ లోకంలో ఆ కోరిక నుండి అనుదిన ధ్యాన గ్రంథములు అనేకం పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్దిలో స్పర్జన్ వ్రాసిన ఉదయ ధ్యానములు, ఆస్వాల్డ్ ఛాంబర్స్ ప్రసంగములనుండి అతని భార్య కూర్చి 1927లో వెలువరించిన గ్రంథం లోకప్రసిద్ధములు. వీటిలో బోధకుడే వాక్యాన్ని ఎన్నుకొని, తానే వ్యాఖ్యానించి, పాఠకునికి అందిస్తాడు. వీటికంటె చాల ముందుగా వెలసి, నేటికీ ఏటేటా అచ్చవుతున్న చిన్న పుస్తకం ఒకటి కలదు. అందులో వాక్యం ఉన్నది గాని వ్యాఖ్యానం లేదు. వ్యాఖ్యానభారమంతా చదువరి జీవితం మీదనే పడుతుంది. ఆ పుస్తకం పేరు లోజుంగెన్.

1722లో మొరేవియానుండి మతస్వాతంత్ర్యం కోరి పారిపోయివచ్చిన కొన్ని కుటుంబములు సాక్సనీలో జింజెన్‌డార్ఫ్ అనే యువ ప్రభువు భూములలో తలదాచుకొన్నవి. అక్కడ వారు కట్టుకొన్న ఊరే హెర్న్‌హూట్. చేతిపనులతో పొట్టపోసుకొనే ఆ కాందిశీకులలో కొద్దికాలానికే మతవిషయిక వివాదములు రేగినవి. 1727లో గాని వారు సమాధానపడలేదు. మరుసటి ఏడు మే 3వ తేదీ సాయంకాలం కీర్తనల కూటంలో జింజెన్‌డార్ఫ్ మరునాటి కొరకు ఒక చిన్న మాట ఇచ్చినాడు. అది బైబిలు వాక్యమైనా కాదు, ఒక కీర్తనలోని చరణం. అప్పటినుండి దినమునకొక మాట చొప్పున ఇంటింటికీ మోసుకొనిపోయి వినిపించుట ఆచారమైనది. ఆ మాటతోపాటు ఆ ఇంటివారి కష్టసుఖములను విచారించివచ్చుట కూడ అందులోని భాగమే. కనుక దినవాక్యం తొలుత పుస్తకంలో పుట్టలేదు, గడపలో పుట్టినది. 1731లో అది అచ్చుకెక్కినది. అప్పటినుండి ఏ సంవత్సరమూ ఆగలేదు.

లోజుంగ్ అనగా దండులో కావలివారు ఒకరినొకరు గుర్తుపట్టుటకు చెప్పుకొనే సంకేతపదం. ఆ మాటలో చీటీ అనే అర్థం కూడ దాగియున్నది. ఆ రెండర్థములూ ఈ పుస్తకానికి తగియున్నవి. పాత నిబంధననుండి ఏరియుంచిన సుమారు 1800 వాక్యములలో ఒక్కొక్క దినానికి ఒక్కొక్కటి చీటీ తీసి నిర్ణయిస్తారు. దానికి పొత్తుకుదిరే వాక్యాన్ని కొత్త నిబంధనలో వెదకి జతచేస్తారు. ఆ రెండింటి క్రింద ఒక కీర్తన చరణమో ప్రార్థనయో చేరుస్తారు. తనంత తాను వచ్చినదొకటి, బుద్ధితో వెదకినదొకటి, హృదయం బదులు పలికినదొకటి. మూడు మాటలలో ముగిసే ఈ నిర్మాణం సాహిత్యదృష్టితో చూచినను గమనింపదగినది.

చీటీ అనగానే శకునం గుర్తుకు వస్తుంది. ఆ ప్రమాదం హెర్న్‌హూట్ వారికి తెలియనిది కాదు. ఒకప్పుడు వారు వివాహములను సైతం చీటీ వేసి నిశ్చయించినారు. 1818లో సామాన్య సభ్యుల వివాహములకు ఆ నిర్బంధం తొలగినది. పిదప తక్కిన వ్యవహారములలోనూ చీటీ క్రమంగా మరుగైనది. దినవాక్యానికి మాత్రం నిలిచినది. ఈ తేడాలోనే విశేషమంతా ఉన్నది. మనిషి చేయవలసిన నిర్ణయాన్ని చీటీకి అప్పగించుట వారు మానుకొన్నారు. మనిషి ఆలోచనకు ఎదురుగా తాను కోరని మాట ఒకటి నిలుపుట మానుకొనలేదు.

ఇరవయ్యవ శతాబ్దిలో జర్మనీకి పట్టిన చీకటిలో ఈ పద్ధతికి గట్టి పరీక్ష వచ్చినది. మతాచార్యుడు డీట్రిష్ బాన్‌హోఫర్ ఈ దినవాక్యములను నిత్యం చదివేవాడు. 1939 జూన్‌లో మిత్రులు ఆయనను హిట్లర్ పాలననుండి తప్పించి న్యూయార్కుకు రప్పించినారు. ఆ నెల 20న అక్కడి ఉద్యోగాన్ని ఆయన నిరాకరించినాడు. నాటి వాక్యం దేవుని తీర్పును గూర్చి ఎంత కఠినంగా పలికినదో ఆనాటి దినచర్యలో వ్రాసుకొన్నాడు. తన నిర్ణయానికి మూలకారణం తనకే స్పష్టంగా తెలియదని కూడ ఒప్పుకొన్నాడు. వాక్యం ఆయనకు దారి చూపలేదు. తప్పించుకొనరాని ప్రశ్నయై నిలిచినది. ఆరు దినములకు, యథాలాపంగా చదువుతుండగా, శీతకాలం రాకముందే రమ్మని పౌలు తిమోతికి చెప్పిన మాట కంటబడినది. ఇది దినవాక్యం కాదు. అయినను నిత్యాభ్యాసం నేర్పిన చదువే అక్కడ పనిచేసినది. ఆ పిలుపు తనకే వచ్చినదని ఆయన భావించినాడు. జులైలో స్వదేశానికి మరలినాడు. 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కినాడు.

నవలాకారుడు యోఖెన్ క్లెప్పర్ కథ ఇంకను దుర్భరం. ఆయన భార్య యూదురాలు. అందుచేత 1937లో ఆయనను రచయితల ప్రభుత్వ సంఘంనుండి వెడలగొట్టినారు. ఆయన దినచర్యలో ప్రతిదినం శిరోభాగాన ఒక వాక్యం ఉంటుంది. అది పెక్కుసార్లు ఈ పుస్తకంలోనిదే. క్రింద ఇంటి ఖర్చులు, తోట, రచన, భార్యను గూర్చిన భయం, కచేరీల చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు. సవతి కుమార్తెను దేశం దాటించుటకు చేసిన చివరి యత్నం 1942 డిసెంబరు 10న విఫలమైనది. ఆ రాత్రి ముగ్గురూ కలిసి ప్రాణములు విడిచినారు. 1956లో ప్రకటితమైన ఆ దినచర్యను చదివినవారు, వాక్యం ఆ కుటుంబాన్ని కాపాడినదని గాని, మోసగించినదని గాని తేలికగా తేల్చలేరు. పైన శాశ్వతమైన మాట, క్రింద ఆనాటి నరకం. రెండింటి నడుమ ఏ వ్యాఖ్యాతా పూడ్చలేని ఖాళీ. ఆ ఖాళీని దాచక వ్రాయుటయే క్లెప్పర్ నిజాయితీ.

1945 మేలో హెర్న్‌హూట్ నడిబొడ్డు, ప్రార్థనాలయంతో సహా, అగ్నికి ఆహుతైనది. పుస్తకం మాత్రం నిలిచి, నేడు యాభైకి పైగా భాషలలో వెలువడుతున్నది. అనువాదకునికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు కలదు. ముందువెనుకల సందర్భంనుండి విడిపడిన వాక్యం ఏకాకియై నిలువవలె. ఒక్క మాట బరువు తప్పినను దానిని ఆదుకొనుటకు పక్కన మరొక వాక్యం ఉండదు. ఆ వాక్యమే అదే దినం ఒకని ఇంట పెళ్ళినాడు, మరొకని ఇంట చావునాడు చదువబడుతుంది. రెండు ఇండ్లలోనూ అది నిజంగా పలుకవలెనన్నచో అనువాదకుడు దానికి తన వివరణను జోడింపరాదు.

వ్యాఖ్యానం పెరిగినకొద్దీ చదువరికి చేయవలసిన పని తగ్గిపోతుంది. హెర్న్‌హూట్ కాందిశీకులు ఆ పనిని ఇంటింటికీ పంచియిచ్చినారు. దాదాపు మూడు వందల ఏండ్లుగా ఆ చిన్న పుస్తకం రోజుకు మూడు మాటలు చెప్పి ఊరకుంటున్నది. తక్కినది చదివేవారు బ్రతికి పూరించవలసియున్నది.