మూడో స్థానంలో నిలిచిన పాట

1958 మార్చి 12. నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో యూరోవిజన్ పాటల పోటీ. పది దేశాలు బరిలో ఉన్నాయి. మొదట వేదికెక్కింది ఇటలీ గాయకుడు దొమెనికో మొదూన్యో. ఆయన పాడి దిగారు. తీరా చూస్తే ప్రసారంలో లోపం తలెత్తి, కొన్ని దేశాల టీవీల్లో ఆ పాట సరిగా రాలేదు. అందరూ పాడేశాక, ఓటింగ్‌కు ముందు ఆయన చేత మళ్లీ పాడించారు. అయినా దక్కింది 13 పాయింట్లు, మూడో స్థానం. 27 పాయింట్లతో ఫ్రాన్స్ గాయకుడు ఆంద్రే క్లావో గెలిచారు.

ఆ పోటీ చరిత్ర తెలిసినవాళ్లు తప్ప క్లావో పాటను ఇవాళ తలుచుకునేవారు అరుదు. మొదూన్యో పాట మాత్రం అప్పటి నుంచి ఆగలేదు. దాని అసలు పేరు ‘నెల్ బ్లూ దిపింతో ది బ్లూ’, అంటే ‘నీలం పులుముకున్న నీలిమలో’. లోకం పెట్టుకున్న పేరు ‘వోలారే’. ఎగరడం అని అర్థం.

మొదూన్యో 1928లో దక్షిణ ఇటలీలోని పోలిన్యానో అ మారే అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. ఫ్రాంకో మిల్యాచ్చితో కలిసి ఈ పాట రాశారు. చేతులకూ ముఖానికీ నీలిరంగు పూసుకున్న మనిషిని గాలి ఎత్తుకుపోయి ఆకాశంలో తేలించే కల అది. చిత్రకారుడు మార్క్ షగాల్ బొమ్మలు చూసి ఆ ఊహ వచ్చిందని మిల్యాచ్చి చెప్పేవారు.

హిల్వర్సమ్‌కు ముందే ఈ పాట ఇటలీలోని సాన్‌రెమో పాటల ఉత్సవంలో మొదటి బహుమతి గెలిచింది. గుండెమీద చెయ్యి వేసుకుని, కదలకుండా నిలబడి పాడటం అప్పట్లో అక్కడి గాయకుల అలవాటు. మొదూన్యో పల్లవి అందుకుంటూ రెండు చేతులూ బార్లా చాచారు. పాటలోని మనిషి ఎగురుతుంటే పాడేవాడు బిగుసుకుని ఎలా నిలబడతాడు? నా దృష్టిలో ఆ పాట సగం విజయం ఆ చేతులదే.

మిగతా సగం ఆ భాషది. తెలుగులాగే ఇటాలియన్ మాటలూ ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ‘వోలారే’ అన్నప్పుడు నడిమి దీర్ఘం దగ్గర గొంతు పూర్తిగా తెరుచుకుంటుంది, ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. అర్థం తెలియనివాళ్లు కూడా ఆ ఒక్క మాటా పట్టుకుని గొంతు కలిపారంటే కారణం అదే.

అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితా 1958 ఆగస్టులోనే మొదలైంది. ఆ నెలలోనే ‘వోలారే’ అగ్రస్థానానికి చేరి, మొత్తం ఐదు వారాలు అక్కడ నిలిచింది. అదీ ఇటాలియన్‌లోనే. 1959 మేలో తొలిసారి గ్రామీ అవార్డులు ఇచ్చినప్పుడు ఆ ఏటి ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతం రెండూ దానికే దక్కాయి.

దీనికి భిన్నంగా, ఫ్రెంచి పాటలకు పెద్ద విజయం చాలాసార్లు అనువాదం దారిలో వచ్చింది. క్లోద్ ఫ్రాంస్వా 1967లో పాడిన ‘కోమ్ దాబిత్యూద్’ చల్లారిపోయిన దాంపత్యపు దినచర్య. పాల్ ఆంకా అదే బాణీకి ఇంగ్లిష్‌లో కొత్త మాటలు రాస్తే, ఫ్రాంక్ సినాత్రా గొంతులో ‘మై వే’ అయింది. తన బతుకును తలెత్తుకుని తలుచుకునే మనిషి పాటగా మారిపోయింది. బాణీ సముద్రం దాటింది, కథ ఒడ్డునే ఉండిపోయింది. అందుకే మొదూన్యో విజయం నాకు మరింత అపురూపంగా కనిపిస్తుంది. ఆయన తన మాటలను తనతోనే తీసుకెళ్లారు.

1984లో పక్షవాతం వచ్చి ఆయన పాటకు దూరమయ్యారు. 1987లో పార్లమెంటుకు ఎన్నికై, వికలాంగుల హక్కుల కోసం పోరాడారు. 1993 ఆగస్టులో పుట్టినూళ్లో చివరి కచేరీ చేశారు. మరుసటి ఏడాది అదే నెలలో కన్నుమూశారు. పోలిన్యానో తీరంలో నిలిపిన ఆయన కంచు విగ్రహం చేతులు చాచే ఉంటుంది.

ఈ పాటను తర్వాత డీన్ మార్టిన్ పాడారు, జిప్సీ కింగ్స్ పాడారు. మీరు ముందుగా మొదూన్యో పాడిన 1958 రికార్డే వినండి.