నేరశాస్త్ర విద్యార్థికి మన సరిహద్దుల పాఠం



పి.యు.సి. ఫలితాలు వచ్చిన వారంలో ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి డిగ్రీలో నేరశాస్త్రం, అంటే క్రిమినాలజీ, తీసుకుంటానని పట్టుబట్టింది. "ఆడపిల్లకు ఈ దొంగల చదువెందుకు సార్? మీరైనా చెప్పండి" అన్నారాయన. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. ఆ పూట నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. మిగిలిన జవాబును ఈ రోజు మీ అందరి ముందు పెడుతున్నాను.

ఈ శాస్త్రం మన దేశానికి మరీ కొత్తది కాదు. సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే దీనికి ఒక శాఖ ఏర్పడింది. ధార్వాడలోనూ, మద్రాసులోనూ తరువాత వచ్చింది. కర్ణాటకలో కొన్ని కళాశాలల్లో బి.ఏ. విద్యార్థులు చరిత్ర, సమాజశాస్త్రాల పక్కన దీనిని కూడా ఒక విషయంగా చదువుకోవచ్చు. దొంగను ఎలా పట్టాలన్నది ఇందులో ఒక భాగం మాత్రమే. సదర్లాండ్ అనే అమెరికన్ పండితుడు ఈ శాస్త్రాన్ని మూడు ప్రశ్నల చుట్టూ నిలబెట్టాడు. చట్టాలను ఎవరు, ఎందుకు చేస్తారు? వాటిని మనుషులు ఎందుకు మీరుతారు? మీరిన వాళ్ళను సమాజం ఏం చేస్తుంది? ఈ మూడు ప్రశ్నలకూ విదేశీ పుస్తకాల్లో ఉదాహరణలు వెదకనక్కరలేదు. మన ఊళ్ళ మీదుగా నడిచిన ఒక చరిత్ర చాలు.

మన వీధుల్లో బుట్టలూ చేటలూ అల్లి అమ్మేవాళ్ళను మీరు చూసే ఉంటారు. చంకన బుట్టతో వచ్చి, చెయ్యి చూసి ఎరుక చెప్పే అమ్మను కూడా చూసే ఉంటారు. ఆంధ్రలో వాళ్ళు ఎరుకలవారు. తమిళనాట కొరవర్లు. కన్నడ సీమలో కొరచలు, కొరమలు. మహారాష్ట్రలో కైకాడీలు. రాష్ట్రం మారితే పేరు మారుతుంది గాని, ఇవన్నీ ఒకే తీగకు పాకిన కొమ్మలు. వాళ్ళ శాఖల పేర్లు వినండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల. పేరులోనే వృత్తి ఉంది. సముద్రతీరం నుంచి ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి, దానికి బదులు ధాన్యం తీసుకుపోయిన వర్తకులు వీళ్ళు. ఏడాది పొడుగునా దారుల మీదే ఉండేవారు.

ఆ దారులు ఎలా మూసుకుపోయాయో చూడండి. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్త సొత్తు చేసుకుంది. 1856లో రాయపురం నుంచి వాలాజా వరకు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. ఆ తరువాత పట్టాలు పడిన చోటల్లా ఉప్పూ ధాన్యమూ బండ్లెక్కాయి, ఎద్దు వెనకబడింది. 1876 నుంచి 1878 వరకు ధాత కరువు వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిలో వెదురు నరకడానికీ, పశువులను మేపడానికీ అడ్డు వేసింది. ఉప్పు పోయింది, వెదురు దొరకడం కష్టమైంది, తిరుగుడు మాత్రం మిగిలింది. వీళ్ళలో దొంగతనానికి దిగినవాళ్ళు లేరని నేను అనను. అయితే ఆ దొంగతనానికి ముందు ఇంత కథ ఉందని తెలుసుకోవాలి. సదర్లాండ్ రెండవ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట అది ఉత్తర భారతానికే. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడని దాన్ని సమర్థించినవారి వాదన. అదే రోజుల్లో, 1876లో, ఇటలీలో లొంబ్రోసో అనే వైద్యుడు పుట్టుకతోనే నేరస్థులైనవారు ఉంటారనీ, ముఖకవళికలను బట్టి వాళ్ళను గుర్తించవచ్చనీ పుస్తకం రాశాడు. నేడు ఆ మాటను నేరశాస్త్ర తరగతిలో పొరపాటుకు ఉదాహరణగా చెబుతారు. ఇక్కడ మాత్రం ఆ కోవ నమ్మకమే చట్టమై కూర్చుంది.

1911లో ఆ చట్టాన్ని మార్చి, మద్రాసు రాజధానితో సహా దేశమంతటికీ వర్తించేలా చేశారు. ఏ జాతినైనా నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ ప్రకటన సరికాదని కోర్టుకు వెళ్ళే దారి లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి, వేలిముద్రలు పడతాయి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. వేళకు వెళ్ళి హాజరు పలకాలి. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడిలో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఏ తప్పూ చేయని మనిషి, పుట్టిన ఇంటిని బట్టి, రోజూ హాజరు పలకాలి!

ఆ చట్టం నీడలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికి ఒక సెటిల్‌మెంటు అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు మరొకటి నడిపారు. షోలాపూరు, హుబ్బళ్ళి, బిజాపూరు వైపు బొంబాయి ప్రభుత్వం తన సెటిల్‌మెంట్లు పెట్టింది. షోలాపూరు శ్రోతలకు ఒక మాట. మీ మిల్లుల సైరను విని మన పద్మశాలీలు పనికి పోయిన ఆ ఊళ్ళోనే, సెటిల్‌మెంటు మనుషులు కూడా అవే మిల్లులకు పనికి వెళ్ళేవారు. స్టువర్టుపురం వాళ్ళకు చీరాల పొగాకు కంపెనీలో పని ఇచ్చారు. సంస్కరణ అన్న పేరూ ఉంది, కదలకుండా పనిచేసే కూలీలు దొరికిన లాభమూ ఉంది. అక్కడ బడులు వచ్చాయి, కొందరికి భూమి దొరికింది, అదీ నిజమే. ఆ బడికి ముళ్ళకంచె లాంటి చట్టం ఉన్నదీ నిజమే.

అందరూ తల వంచలేదు. మదురై జిల్లా పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న, వేలిముద్రలు వేయం అని కళ్ళర్లు ఎదురు తిరిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, 1947లో, మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని తీసేసింది. దేశమంతటి సంగతి చూడడానికి 1949లో కేంద్రం ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లావారే, తరువాతి కాలంలో లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. చట్టం పోవాలని ఆ సంఘం సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న అది దేశమంతటా రద్దయింది. అందుకే ఆ జాతులవారు ఆగస్టు 15తో పాటు ఆగస్టు 31ని కూడా విముక్తి దినంగా జరుపుకుంటారు.

చట్టం పోతే ముద్ర పోయిందా? ఇది సదర్లాండ్ మూడవ ప్రశ్న. పాత చట్టం స్థానంలో చాలా రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. జాతి పేరు తీసేశారు గాని, పోలీసులు మొదట తట్టే తలుపు మాత్రం అదే. స్టువర్టుపురం పేరు మీద 1991లో సినిమా వచ్చింది. 2023లో ఆ ఊరి దొంగ కథతో మరొకటి వచ్చింది. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పే క్షణాన్ని మాత్రం సినిమా తీసినవాళ్ళు ఊహించారో లేదో! మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంగారితో కలిసి 1970ల నుంచి ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. మనిషిని ముందు నమ్మడంతోనే ఆమె సంస్కరణ మొదలైంది.

నేరశాస్త్రంలో దీనికి ఒక సిద్ధాంతం ఉంది. 1938లో టానెన్‌బామ్, 1963లో హోవర్డ్ బెకర్ దాన్ని వివరించారు. ఒకరిని నేరస్థుడని పదిమంది పదేపదే అంటే, మిగతా దారులు మూసుకుపోయి, చివరికి ఆ మాటే అతని బతుకవుతుందని దాని సారాంశం. మన పెద్దలు ఒక్క ముక్కలో చెప్పారు: కుక్కను చంపాలంటే పిచ్చిదనే పేరు పెట్టాలి.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, సుకన్యా శాంత అనే పత్రికా రచయిత్రి వేసిన కేసులో తీర్పు చెప్పింది. కొన్ని రాష్ట్రాల జైలు నియమాల్లో, కులాన్ని బట్టి పని ఇవ్వడమూ, సంచార జాతులవాళ్ళను అలవాటు నేరస్థుల కింద లెక్కకట్టడమూ ఇంకా మిగిలి ఉన్నాయి. అవి రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు!

సరిహద్దులో ఉన్న మనకు ఇందులో మరో చిక్కు ఉంది. ఎరుకల కుటుంబం ఆంధ్రలో ఉంటే షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వస్తే కొరచ, కొరమ పేర్లతో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో కైకాడీలు కొన్ని జిల్లాల్లో షెడ్యూల్డు కులం, మిగతా జిల్లాల్లో విముక్త జాతి. అక్కాచెల్లెళ్ళు రెండు రాష్ట్రాలకు కోడళ్ళయితే వాళ్ళ పిల్లల సర్టిఫికెట్లు రెండు రకాలు. బడిలో చేర్చుకునే రోజున ఆ కాగితం ముందు నిలబడిన తల్లి ముఖం మా ఉపాధ్యాయులకు బాగా తెలుసు.

ఆ తండ్రికి నేను చెప్పవలసిన జవాబు ఇది. అయ్యా, మీ అమ్మాయి చదవబోయేది దొంగల చదువు కాదు. ఎవరిని దొంగ అనాలో నిర్ణయించే చేతుల గురించిన చదువు. రేపు ఆమె పోలీసు స్టేషనులోనో, జైలులోనో, బాలల గృహంలోనో ఉద్యోగం చేయవచ్చు. ఆ బల్ల ముందుకు ఒక ఎరుకల కుర్రవాడు వస్తాడు. ఊరి పేరు చూసి కలం పట్టేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. "ఏం జరిగింది నాయనా?" అని ముందు అడిగే ఒక్క మనిషి అక్కడ ఉంటే చాలు, ఆ చదువు ఫలించినట్టే.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. మీ ఇంట్లోనూ అలాంటి అమ్మాయో అబ్బాయో ఉంటే, అడ్డు చెప్పే ముందు ఈ చరిత్రను ఒకసారి తలచుకోండి.