కేంద్రకపూర్వ, నిజకేంద్రక కణాలు

కేంద్రకపూర్వ కణంలో డీఎన్‌ఏకు సాధారణంగా త్వచపు కప్పు ఉండదు. అది కణద్రవ్యంలోనే న్యూక్లియాయిడ్‌గా ముద్దకట్టి ఉంటుంది. నిజకేంద్రక కణంలో డీఎన్‌ఏ రెండు పొరల త్వచం కప్పిన కేంద్రకంలో ఉంటుంది. బాక్టీరియా, ఆర్కియా మొదటి కోవకు చెందుతాయి. ప్రోటోజోవన్లు, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు రెండో కోవకు.

ఉదాహరణకు, 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్రబలిన న్యుమోనిక్ ప్లేగుకు కారణం యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా. దాని పొడవు రెండు మూడు మైక్రోమీటర్లకు మించదు. సుమారు 46 లక్షల క్షారజతల వలయాకార క్రోమోజోము ఒకటి, దానికి తోడు కొన్ని ప్లాస్మిడ్‌లు ఉంటాయి. అది దాడిచేసే మానవ కణంలో 46 రేఖీయ క్రోమోజోములు హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటాయి. మైటోకాండ్రియా, గాల్జీ సంక్లిష్టం, అంతర్జీవ ద్రవ్యజాలం వంటి త్వచ కణాంగాలు మానవ కణానికే ఉన్నాయి. బాక్టీరియా ద్విధావిచ్ఛిత్తితో రెండవుతుంది; మానవ దేహకణం సమవిభజన చెందుతుంది.

వైద్యానికి అన్నిటికన్నా అక్కరకొచ్చిన భేదం రైబోసోములది. రెండు రకాల కణాల్లోనూ ప్రొటీన్లను తయారుచేసేవి అవే. బాక్టీరియాలో అవి 70ఎస్ (50ఎస్, 30ఎస్ ఉపప్రమాణాలు), మానవ కణద్రవ్యంలో 80ఎస్ (60ఎస్, 40ఎస్). ‘ఎస్’ అవక్షేపణ వేగానికి కొలత, బరువుకు కాదు. అందుకే కూడిక సరిపోదు. ప్లేగు భయంతో జనం సూరత్ విడిచిపోతున్న రోజుల్లో విరివిగా వాడిన టెట్రాసైక్లిన్, 30ఎస్ ఉపప్రమాణానికి అతుక్కుని కొత్త అమైనో ఆమ్లాల రాకను అడ్డుకుంటుంది. 80ఎస్ రైబోసోముల మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఈ కుటుంబపు తొలి మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నాడు.

అయితే ఈ రెండు కోవల మధ్య గీత అంత సూటిగా ఉండదు. ఒకప్పటి స్వేచ్ఛాజీవి బాక్టీరియా నుంచి వచ్చిన మైటోకాండ్రియాలో బాక్టీరియా తరహా రైబోసోములే ఉంటాయి. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవి నిజకేంద్రక జీవే. అయినా టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ దాని మీద పనిచేస్తుంది. పూర్వం ఒక ఎర్ర శైవలం ద్వారా సంక్రమించిన, బాక్టీరియా మూలాలున్న ఎపికోప్లాస్ట్ అనే కణాంగం ఆ మందుకు దొరికిపోతుంది.

పరిమాణాన్ని బట్టి తేల్చడమూ పొరపాటే. థయోమార్గరిటా మాగ్నిఫికా అనే బాక్టీరియా రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి కంటికి కనిపిస్తుంది. అలాగే పక్వ దశలో కేంద్రకాన్ని కోల్పోయిన మానవ ఎర్ర రక్తకణాన్ని కేంద్రకపూర్వ కణంగా లెక్కించరు. అది నిజకేంద్రక కణం నుంచే రూపొందుతుంది.