ప్రక్కకు లాగు తేరు

రత్నసభాపతియైన నటరాజునకు నెలవై, ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో నుండి పిమ్మట మద్రాసు రాష్ట్రమునఁ జేరిన తిరువాలంగాడు పరిసరములలో, నాలుగు చక్రముల వాహనము ప్రక్కకు లాగుట యను చిక్కు, జీపులు రాక మున్నే తేరు నడుపువారికి సుపరిచితము. తేరున కిరుసులు మలఁగవు. ఒకవైపు మోకు బిగువు హెచ్చినను, చక్రపుటంచు అరిగినను, వీథి వాలినను అది దారి తప్పును. జీపు మరమ్మతుదారుఁడు సైతము టైర్ల గాలిని, అరుగుదలను గదా మొదటఁ బరీక్షించును! తేరు క్రింది నిపుణులు కదలుచున్న చక్రమున కెదురుగా వాలుగఁ జెక్కిన దిమ్మెను త్రోసి దాని మొగమును మరలింతురు. క్షణము తప్పినచో చేయి నలుగును. మోకు లాగు వేలమంది బలముకంటె వీరి నేర్పే గొప్పదని నా తలంపు. తిరువారూరు మహారథమునకు తిరుచిరాపల్లి భెల్ కర్మాగారము ఇనుప చక్రములను, బ్రేకులను సమకూర్చినను, తేరుల దారి దిద్దుటకు నేఁటికిని చెక్క దిమ్మెలనే వాడుచున్నారు.