అల్ కుసైస్ పాముల దిబ్బ

దుబాయ్‌లో పొట్టచేత పట్టుకుని తిరిగే తెలుగువాళ్లకు అల్ కుసైస్ అంటే షేరింగ్ రూములు, కంపెనీ క్యాంపులు, 2011లో మొదలైన గ్రీన్ లైన్ మెట్రో. ఆ నేలలోనే సుమారు మూడు వేల ఏళ్ల నాటి శ్మశానం బయటపడింది. దానికి తోడు నాగులను కొలిచిన దిబ్బ కూడా. అక్కడ కాపురముండే మనవాళ్లకు ఈ సంగతి తెలిసి తీరాలి.

1970లలో ఇరాక్ పురావస్తు బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. ఇనుపయుగపు సమాధులు, మెత్తరాయి తొలిచిన గిన్నెలు, కంచు ఆయుధాలు దొరికాయి. ఒక చిన్న దిబ్బలో మాత్రం కంచు పాములు! దానికి పాముల దిబ్బ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ కాలపు కుండల మీదా పాములే. పచ్చి కుండకు మట్టితాడును మెలికలు తిప్పి అతికించి, ఒంటినిండా సన్నని చుక్కలు పొడిచేవారు.

ఆ జనం రాతలేవీ మిగల్లేదు. భూమిలో సొరంగాలు తవ్వి నీళ్లు పారించే ఫలజ్ కాలువలు ఆ ప్రాంతంలో విస్తరించి, ఊళ్లు పెరిగిన కాలమది. ఈ సర్పారాధనకు నీటితో, పంటతో సంబంధముందని కొందరు పండితుల ఊహ. కార్తీకంలో నాగుల చవితికో, తెలంగాణలో శ్రావణ పంచమికో పుట్టలో పాలుపోసే మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఇరాక్ పండితుడు మునీర్ యూసఫ్ తాహా గల్ఫ్ ఇనుపయుగంపై చేసిన పెద్ద అధ్యయనం 1980ల తొలినాళ్లలో అచ్చయింది జపాన్‌లో, టోక్యోలోని కొకుషికాన్ విశ్వవిద్యాలయం పత్రిక ‘అల్-రాఫిదాన్’లో. ఆ జపాన్‌లోనూ నీటి పక్కన పాము ఉంది. క్యోటోలోని దైగోజి ఆలయం 874లో వెలిసింది. 1598లో పూలపండుగ కోసం జపాన్ పాలకుడు హిదెయోషి అక్కడి సన్బోయిన్ తోటను దగ్గరుండి తీర్చిదిద్దించాడు. ఆలయ ఆవరణలోనే ఇంకొంచెం లోపలికి నడిస్తే ఒక కొలను, ఎర్రటి వంతెన, బెంతెన్ గుడి. బెంతెన్ అంటే బెంజాయితెన్. ఆవిడ ఎవరో కాదు, బౌద్ధంతో చైనా మీదుగా వెళ్లిన మన సరస్వతి. చేతిలో వీణ బదులు బివా అనే తంత్రీవాద్యం. అక్కడ ఆవిడ నీటి దేవత, తెల్లపాము ఆవిడ దూత. కొన్ని విగ్రహాల్లో కిరీటం మీద ఉగాజిన్ కూర్చుని ఉంటాడు, మనిషి తల, చుట్టచుట్టుకున్న పాము ఒళ్లు.

అరేబియా నాగుకూ జపాన్ నాగుకూ చుట్టరికం ఉందని నేననను. నీటి విలువ తెలిసినవాళ్లు పామును గౌరవించారేమో, అంతవరకు ఊహించవచ్చు.

దైగోజికి వెళ్లాలంటే వీసా కావాలి, విమానం ఎక్కాలి. కుసైస్‌లో ఉన్నవాళ్లకు పాములను చూడటానికి అంత శ్రమ అక్కర్లేదు. 2002లో దుబాయ్ ఎడారిలో కనుగొన్న సరూఖ్ అల్ హదీద్ అనే పురావస్తు స్థలంలోనూ ఇలాంటి లోహపు పాములు చాలా దొరికాయి. ఆ తవ్వకాల వస్తువుల కోసం 2016లో షిందగాలో మ్యూజియమే తెరిచారు. సెలవురోజున గ్రీన్ లైన్ ఎక్కి, రైలు మారకుండా అల్ గుబైబాలో దిగితే షిందగా పాతపేట నడకదూరం. మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి, పిల్లల్నీ వెంటబెట్టుకు వెళ్లండి.