శేషాచల తీర్థనామాలు: కథ, నేల, నీరు

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో ఏర్పడింది. పూర్వపు చిత్తూరు, కడప జిల్లాలలో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర శేషాచల అరణ్యం దీని పరిధిలోకి వచ్చింది. ప్రభుత్వం ఈ సరిహద్దు గీయకముందే ఇక్కడి లోయలకు, జలపాతాలకు పేర్లున్నాయి. వాటిని మాహాత్మ్య కథలకు అనుబంధంగా చదవడం పరిపాటి. కొండ స్వరూపాన్ని తెలిపే ఆధారాలుగా పరిశీలించడం తక్కువ.

కుమారధార, పసుపుధార, ఆకాశగంగ, తుంబురు కోన, తలకోన వంటి పేర్లలో ఉత్తరపదాన్ని గమనించాలి. పూర్వపదం తరచుగా పురాణం వైపు నడిపిస్తుంది. ఉత్తరపదం నేలను చూపుతుంది. ధార అంటే పైనుంచి పడే నీరు. కోన అంటే కొండల నడిమి లోయ. తలకోనలో పురాణపాత్ర ప్రసక్తే లేదు, లోయకు తల అని మాత్రమే ఉంది. అక్కడ నీరు 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. తీర్థ శబ్దానికి కూడా పవిత్రజలం అన్న అర్థం కంటే ముందు రేవు, నీటిలోకి దిగే చోటు అన్న అర్థం ఉంది.

ఈ నామాల వెనుక శిలానిర్మాణం ఉంది. శేషాచలం పైభాగం పొరలు పొరలుగా పేరుకున్న క్వార్ట్‌జైట్. అడుగున అంతకంటే ఎంతో ప్రాచీనమైన గ్రానైట్. రెండింటి నడుమ గల కాలవ్యవధి దాదాపు 80 కోట్ల సంవత్సరాలని భూవిజ్ఞానుల అంచనా. ఆ సంధిరేఖ ఘాట్ రోడ్డు పక్కన బయటికే కనిపిస్తుంది. క్వార్ట్‌జైట్ గట్టి రాయి, కాని పగుళ్లు ఎక్కువ. వాన నీరు ఆ పగుళ్లలో దిగి, కింద ఎక్కడో ఊటగా బయటపడుతుంది. తుంబురు తీర్థంలో ఇరుకైన రాతిగోడల మధ్య నీటిలోనే నడవవలసి వస్తుంది. తిరుమలలోని శిలాతోరణం కూడా ఇదే శిల. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఈ సహజ తోరణాన్ని గాలి, నీరు తొలిచాయి.

1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాలానికి తిరుమలకు బండి దారి లేదు. నడకో, డోలీయో శరణ్యం. తరిగొండ వెంగమాంబ తుంబురు కోన గుహలో తపస్సు చేసిందని సంప్రదాయం చెబుతుంది. నడిచేవారికి దారిలో నీరెక్కడ దొరుకుతుందన్నది భక్తివిషయం మాత్రమే కాదు, ప్రాణావసరం కూడా. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చాక ఆ అవసరం క్రమంగా తొలగింది. ఇప్పుడు ఆ సంధిరేఖ ముందు నుంచి బస్సులు క్షణంలో దాటిపోతాయి.

నీటి అవసరం మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. పాపవినాశనం, ఆకాశగంగ, గోగర్భం, కుమారధార, పసుపుధార నేడు తిరుమలకు నీరిచ్చే జలాశయాల పేర్లు. కొళాయి తిప్పే యాత్రికుడికి ఆ ధారతో పరిచయం ఉండదు. నడిచి తెలుసుకునే అవకాశం ముక్కోటి రోజులకు పరిమితమైంది; తుంబురు తీర్థానికి అది ఫాల్గుణ పౌర్ణమి. అరణ్యరక్షణ దృష్ట్యా ఈ కట్టడి సమంజసమే. అయితే ఏ మలుపులో ఊట ఉందో, ఏ బండ జారుతుందో చెప్పగలిగేది ఆ దారిన ఏటా వెళ్లేవారే. ఆ మౌఖిక సమాచారాన్ని స్థలనామాలతోపాటు సేకరించవలసి ఉంది.