‘వల్’ : హతుల పేరు – అర్థపరిణామము

మృతులను దెలుపు మాటల యర్థములు నిలుకడగా నుండుట యరుదు. మన ‘ప్రేత’ శబ్దమునకు ‘వెడలిపోయినవాడు’ అని మూలార్థము. తెలుగున నది శవమునకును, పిశాచమునకును గూడ చెల్లుచున్నది. ఒక్క పదము సోదరభాషలలో వేర్వేరు త్రోవలు బట్టుటకు జర్మానిక్ భాషాకుటుంబములోని ‘వల్’ అను ప్రాచీనపదము చక్కని యుదాహరణము.

ఇది సామాన్యమృతుల పేరు కాదు. యుద్ధమున గూలినవారి సమూహమునకు పేరు. ప్రాచీన నార్సు భాషలో ‘వల్ర్’ అనగా రణభూమిని బడియున్న హతులు. ప్రాచీనాంగ్లమున ‘వ్యాల్’ అను రూపము హతులకే గాక వారి వధకును పేరయ్యెను. ప్రాచీన శాక్సను భాషలో దీనితో నేర్పడిన ‘వల్‌దాద్’ అను సమాసమునకు హత్య యని యర్థము. జర్మను భాషలో ‘వాల్‌ష్టాట్’ అనగా హతులు పడిన చోటు, అనగా యుద్ధభూమి. ఇట్లు మనుష్యులను జెప్పిన మాట క్రియను, స్థలమును గూడ జెప్పునదయ్యెను.

దీని సమాసముల చరిత్ర మఱింత విచిత్రము. నార్సు పురాణములలో ‘వల్హోల్’ అనగా ఓడిన్ దేవుని హతమందిరము. ‘వల్క్యుర్యా’ అనగా హతులను ఎన్నుకొను స్త్రీ. ఆమె వీరులకు మధుపాత్ర నందించు గౌరవనీయ. ఈ సమాసమే ఇంగ్లండున ‘వ్యాల్‌క్యుర్యె’ యై, రోమను యుద్ధదేవత బెల్లోనా పేరునకును, ప్రతీకారదేవతల పేళ్లకును టీకగా వ్రాయబడెను. 1014 ప్రాంతమున ఆర్చిబిషప్పు వుల్ఫ్‌స్టన్ తన ప్రసంగమున దానిని మంత్రగత్తెల సరసన, పాపుల పట్టికలో జేర్చెను.

ఈ భేదమునకు మతమొక్కటే కారణమనరాదు. ఐస్లాండును క్రైస్తవమును స్వీకరించినదే. కాని యచ్చటి కవిత్వమునకు పూర్వగాథలు ప్రాణము; వానిని తెలియనిచో పద్యములే బోధపడవు. అందుచే 13వ శతాబ్దమున స్నోర్రి స్టుర్లుసోన్ కవులకై రచించిన ‘ఎడ్డా’లో నా గాథలను భద్రపఱచెను. కవిత్వ మచ్చట పదమునకు రక్షణ మయ్యెను.

ఆధునికకాలమున నర్థము మఱల మాఱెను. బవేరియా రాజు ఒకటవ లుడ్విగ్ డాన్యూబు తీరమున గట్టించి 1842లో దెఱపించిన ‘వాల్‌హాల్లా’లో యోధులతోపాటు కవుల, శాస్త్రజ్ఞుల ప్రతిమలును గలవు. హతుల మందిరము కీర్తిమంతుల మందిరమయ్యెను.

ఈ శాఖలలో నేది శుద్ధము, ఏది భ్రష్టము అని యడుగుట వ్యర్థము. ప్రతి యర్థమునకును దాని చరిత్ర గలదు. పొరుగు రాష్ట్రములందు తరతరములుగా నివసించు తెలుగుబిడ్డ నోట నొక మాట వేఱర్థమున వినవచ్చినపుడు, ఉపాధ్యాయుడు దానిని తప్పని కొట్టివేయుటకు ముందు దాని పుట్టుపూర్వోత్తరముల నరయవలెను. కొట్టివేసిన మాటతో దానిని గాపాడిన వారి చరిత్రయు మాసిపోవును.